ప్రెప్ మాత్రా, కండోమా, ఇంజెక్షనా? హెచ్‌ఐవీ రాకుండా ఎవరికి ఏది నప్పుతుంది

"డబ్బా మీరే ఉంచేసుకోండన్నా, మాత్రలు ఇందులో పోసివ్వండి" అంటూ ఓ కుర్రాడు కౌంటరు మీద ఖాళీ విటమిన్ సీసా పెట్టాడు. విజయవాడ సూర్యారావుపేటలో మందుల షాపు పెట్టి చాలా ఏళ్లయింది. ఇలా అడిగినవాళ్లను ఇంతకుముందూ చూశాను. అతను కొన్నది హెచ్‌ఐవీ సోకకుండా ముందుగానే వేసుకునే మాత్ర. ప్రెప్ అంటారు. అతనికి జబ్బు లేదు, రాకూడదనే వేసుకుంటున్నాడు. కానీ డబ్బా మీది పేరును ఇంట్లో ఎవరైనా ఫోన్‌లో కొట్టి చూస్తే "హెచ్‌ఐవీ మందు" అని వస్తుంది. ఇక ఎంత చెప్పినా వినేవాళ్లుండరు.

షాపుకి వచ్చేవాళ్లయినా, తమలాంటివాళ్లకు హెచ్‌ఐవీ జాగ్రత్తలు చెప్పే, నాకు తెలిసిన పీర్ ఎడ్యుకేటర్లయినా తిప్పి తిప్పి ఈ మాటే చెబుతారు. మందు పనిచేస్తుందా అని అడిగేవాళ్లు తక్కువ. "ఎవరైనా చూస్తే?" అని అడిగేవాళ్లే ఎక్కువ. అందుకే ఈ పోలికలో శాతాలతో పాటు డబ్బా ఎక్కడ పెట్టుకోవాలి, పరీక్షకు ఎలా వెళ్లాలి లాంటివి కూడా లెక్కలోకి తీసుకున్నాను. శాతాలు చూసి మందు మొదలుపెట్టి, దాచుకోలేక రెండో నెలలో మానేసినవాళ్లు నాకు తెలుసు.

మన ప్రాంతంలో దీన్ని పట్టించుకోవాల్సిన అవసరం కాస్త ఎక్కువే. 2021 జాతీయ అంచనాల ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 0.21 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం మందికి ఉంది. సుమారు 3.21 లక్షల మంది. సంఖ్యలో మహారాష్ట్ర తర్వాత మనమే. ఉమ్మడి గుంటూరు జిల్లాలో 2004–05లో జనం మధ్యకు వెళ్లి రక్తనమూనాలు తీసుకుని చేసిన సర్వేలో 15–49 ఏళ్లవాళ్లలో 1.72 శాతం మందికి ఉన్నట్టు తేలింది. అప్పటి అధికారిక పద్ధతిలో లెక్కేస్తే వచ్చే సంఖ్యలో అది సగం కూడా కాదు. ఆ రోజులతో పోలిస్తే ఇప్పుడు పరిస్థితి చాలా మెరుగు. జనం నోట్లో ఆ జబ్బు పేరుకున్న బరువు మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

## ఎంచుకునే ముందు ఐదు ప్రశ్నలు

రిస్క్ ముందే తెలుస్తుందా? శనివారం రాత్రి ఒకరిని కలవబోతున్నానని శుక్రవారమే తెలిసే మనిషికీ, రోజూ సాయంత్రం బస్టాండు దగ్గర నిలబడే మనిషికీ ఒకే సలహా పనికిరాదు.

మీ ఒంటి సంగతేంటి? మగవాడిగా పుట్టారా, ఆడమనిషిగా పుట్టారా, ఈస్ట్రోజెన్ హార్మోన్లు వాడుతున్నారా, హెపటైటిస్ బి ఉందా, కిడ్నీలు ఎలా ఉన్నాయి. మాత్ర వాడే పద్ధతి వీటిని బట్టే మారుతుంది. దీన్ని వదిలేసి స్నేహితుడు వాడుతున్నాడని అదే పద్ధతి పట్టుకోవడం నేను చూసిన పెద్ద తప్పు.

నిర్ణయం ఎవరి చేతిలో ఉంది? కండోమ్‌కు అవతలి మనిషి ఒప్పుకోవాలి. మాత్రకు అక్కర్లేదు. తాగి వచ్చిన కస్టమర్‌తోనో, కొట్టే మొగుడితోనో వేగాల్సిన ఆడవాళ్లకు మిగతా ప్రశ్నలన్నీ దీని తర్వాతే.

ఎక్కడ పెట్టుకుంటారు? ఇల్లా, హాస్టల్ గదా, లారీ క్యాబినా, స్నేహితుల ఇల్లా.

డబ్బు, తిరుగుడు. మాత్ర ఖర్చు ఒక్కటే కాదు, మూడు నెలలకోసారి పరీక్షల ఖర్చూ, ఆ పూట పోయే కూలీ కూడా.

## కండోమ్: పాతదే, కానీ పక్కన పెట్టేది కాదు

హెచ్‌ఐవీతో పాటు సిఫిలిస్, గనేరియా లాంటి సుఖవ్యాధుల్ని, అక్కర్లేని గర్భాన్ని కూడా ఆపేది ఇదొక్కటే. ప్రెప్ హెచ్‌ఐవీని మాత్రమే ఆపుతుంది. కండోమ్‌కి చీటీ అక్కర్లేదు, రక్తపరీక్ష అక్కర్లేదు, ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు.

దీంతో వచ్చే చిక్కు రబ్బరుది కాదు, మనుషులది. "లేకుండా అయితే ఐదొందలు ఎక్కువిస్తా" అనే కస్టమర్ ఉంటాడు. నెల కిస్తీ కట్టాల్సిన రోజున ఆ ఐదొందలు చిన్న మొత్తం కాదు. పర్సులో కండోమ్ దొరికితే అదే సాక్ష్యమంటారేమోనని భయపడే ఆడవాళ్లున్నారు. పెళ్లయి, బయట మగవాళ్లను కలిసే వ్యక్తికి జేబులో కండోమ్ కూడా డబ్బా లాంటిదే.

ప్రతిసారీ, మొదటి నుంచి చివరి దాకా వాడగలిగే మనిషికి కండోమ్ చాలు, నేను వేరే ఏమీ చెప్పను. కాకపోతే "ప్రతిసారీ" అన్న మాటకు మీకు మీరే నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి. గత మూడు నెలల్లో ఎన్నిసార్లు తప్పింది? ఒకటికి మించి గుర్తొస్తే కిందివి కూడా చదవండి.

## రోజూ ఒక మాత్ర

టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, ఎమ్‌ట్రిసిటాబిన్ 200 మిల్లీగ్రాములు కలిపిన మాత్ర ఇది. అమెరికాలో 2012లో నివారణకు అనుమతి వచ్చింది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, రిస్క్ గణనీయంగా ఉన్న వాళ్లందరికీ దీన్ని సిఫారసు చేసింది. మన దేశంలోనే తయారవుతుంది. చెప్పినట్టు రోజూ వేసుకుంటే సెక్స్ ద్వారా సోకే ముప్పు దాదాపు 99 శాతం తగ్గుతుంది. సూదులతో మత్తుమందు ఎక్కించుకునేవాళ్లలో కనీసం 74 శాతం తగ్గుతుంది.

ఆడవాళ్లు ఏడు రోజులు వరసగా వేసుకున్నాకే రక్షణ వచ్చినట్టు లెక్క. ఈ ఏడు రోజుల సంగతి చెప్పకుండా మాత్ర చేతిలో పెట్టేవాళ్లున్నారు, అందుకే ముందే చెబుతున్నాను.

ఇక జనం భయాలు. మొదటిది కిడ్నీ. ఉద్దానం సంగతి పేపర్లలో చదివి, ఎ.కొండూరు తండాల సంగతి పక్కనే విన్నవాళ్లం. కిడ్నీ మాటెత్తితే మన జిల్లాలో ఎవరికైనా గుండె జారుతుంది. టెనోఫోవిర్ కొందరిలో కిడ్నీల మీద కొంత ప్రభావం చూపిస్తుందన్నది నిజమే. అందుకే మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ పరీక్ష చేస్తారు, తర్వాత కూడా అప్పుడప్పుడూ చూస్తారు. కిడ్నీల వడపోత అంకె 60 కన్నా తక్కువ ఉంటే ఈ మాత్ర మొదలుపెట్టరు. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ల మనిషికి దీనివల్ల కిడ్నీ పోతుందన్నది మాత్రం ఉత్త పుకారు. మందు షాపులో రోజూ అడ్డగోలుగా కొనే నొప్పి మాత్రలే కిడ్నీకి నిజంగా చేటు. వాటిని ఎవరూ అనుమానించరు, అది వేరే సంగతి. ప్రెప్ వాడుతూ రోజూ నొప్పి మాత్రలు మింగడం అసలే మంచిది కాదు.

రెండోది, "ఒళ్లు తేడా చేస్తుందంట." మొదటి ఒకటి రెండు వారాలు కొందరికి వికారం, గ్యాస్, తలనొప్పి ఉంటాయి. చాలామందికి వాటంతట అవే తగ్గిపోతాయి. రాత్రి అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తక్కువ.

మూడోది అసలుది. డబ్బాలో ముప్పై మాత్రలుంటాయి, కదిపితే గలగలలాడతాయి. లోపల తేమ పీల్చే చిన్న పొట్లం ఉంటుంది. వేరే సీసాలోకి మారిస్తే తేమ తగిలి మందు దెబ్బతింటుంది. ఆ కుర్రాడికి అదే చెప్పాను. అసలు డబ్బానే ఉంచుకో, పైన లేబుల్ పీకెయ్, మధ్యలో కొంచెం దూది కుక్కు, చప్పుడు రాదు. లేబుల్‌ని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకో, ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరితే డాక్టరుకి చూపించాలి.

ఒక జాగ్రత్త. కౌంటరులో దగ్గర దగ్గరి పేర్లతో మూడు మందులు కలిసిన మాత్రలు కూడా ఉంటాయి. అవి చికిత్సకో, పెప్‌కో (రిస్క్ జరిగిపోయాక వేసుకునే మందు) వాడేవి. చీటీలో రెండు మందులే ఉండి చేతికి మూడు మందులది వస్తే వెనక్కి ఇచ్చేయండి.

## అవసరమైనప్పుడే: రెండు, ఒకటి, ఒకటి

మగవాడిగా పుట్టి, ఈస్ట్రోజెన్ హార్మోన్లు వాడనివాళ్లకు ఇంకో దారి ఉంది. మందు అదే, వాడే పద్ధతి వేరు. మగవాళ్లతో కలిసే మగవాళ్లకు దీన్ని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది.

కలవడానికి 2 నుంచి 24 గంటల ముందు రెండు మాత్రలు ఒకేసారి. ఆ తర్వాత 24 గంటలకు ఒకటి. మళ్లీ 24 గంటలకు ఇంకొకటి. శనివారం సాయంత్రం ఏడింటికి రెండు వేసుకున్నారనుకోండి, తొమ్మిది దాటాకే కలవాలి. ఆదివారం ఏడింటికి ఒకటి, సోమవారం ఏడింటికి ఒకటి. ఆదివారం కూడా కలిస్తే, చివరిసారి కలిశాక రెండు రోజుల దాకా రోజుకొకటి వేసుకుంటూ పోవాలి.

నెలకు రెండు సార్లే కలిసేవాళ్లకు ఎనిమిది మాత్రలతో సరిపోతుంది. ఇంట్లో డబ్బా కనపడే అవసరం తక్కువ, ఖర్చూ తక్కువ. పెళ్లయినవాళ్లు దీనివైపు మొగ్గేది అందుకే.

దొంగదెబ్బ ఎక్కడంటే, సోమవారం మాత్ర దగ్గర. శనివారం రెండూ అందరూ వేసుకుంటారు. సోమవారానికి ఆఫీసు, పిల్లల స్కూలు, ఆ రాత్రి మీద కాస్త సిగ్గు, అన్నీ కలిసి చివరి మాత్ర మిగిలిపోతుంది. ఫోన్‌లో "షుగర్ మాత్ర" అని అలారం పెట్టుకునే ఒకాయన ఉన్నాడు. షుగర్ లేదు ఆయనకి. పద్ధతి మాత్రం పక్కాగా నడుస్తోంది.

ఆడవాళ్లకు ఈ పద్ధతి పనికిరాదు. ఈస్ట్రోజెన్ వాడే ట్రాన్స్ మహిళలకు పనికిరాదు. సూదుల రిస్క్‌కి పనికిరాదు. హెపటైటిస్ బి ఉన్నవాళ్లు కూడా ఇలా మొదలుపెట్టి ఆపి చేయకూడదు. ఈ మందు ఆ వైరస్‌ను కూడా అణచి ఉంచుతుంది కాబట్టి, ఆపగానే లివర్ మీద దాడి తిరగబెట్టవచ్చు.

## ఇంజెక్షన్: అందరూ అడిగేది

"రోజూ మాత్ర ఎవరు వేసుకుంటారు బాబాయ్, సూది లేదా?" ఆటోనగర్ నుంచి వచ్చే డ్రైవర్లకు సూది మీద ఉన్న నమ్మకం మాత్ర మీద ఉండదు. జ్వరమొచ్చినా సూదే కావాలంటారు. ఈ విషయంలో వాళ్లు అడిగేది సబబే.

రెండు రకాలున్నాయి. కాబోటెగ్రావిర్‌కి అమెరికాలో 2021 డిసెంబరులో అనుమతి వచ్చింది. మొదటి రెండు సూదులు నెల తేడాతో, ఆ తర్వాత రెండు నెలలకోసారి, పిరుదు కండలో. రెండోది లెనకాపావిర్. ఇది ఆరు నెలలకోసారి చర్మం కింద ఇస్తారు, మొదటి రెండు రోజులు తోడుగా మాత్రలు కూడా వేసుకోవాలి. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో జరిగిన పరిశోధనలో ఈ సూది తీసుకున్న 2,134 మంది ఆడవాళ్లలో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. 2025 జూన్‌లో అమెరికా అనుమతి, జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు వచ్చాయి. చౌక రకం తయారీలో ముందున్న కంపెనీల్లో హైదరాబాద్‌వే రెండున్నాయి, డాక్టర్ రెడ్డీస్, హెటిరో. 2027 నుంచి పేద, మధ్యాదాయ దేశాలకు ఏడాదికి 40 డాలర్ల ధరకు ఇస్తామని 2025 సెప్టెంబరులో ప్రకటన వెలువడింది.

ఇంట్లో డబ్బా ఉండదు, అలారం ఉండదు, ఏడాదికి రెండు పూటలు పని మానుకుంటే చాలు. ఇక్కడ సులువుగా దొరికే రోజు వస్తే మాత్రల డిమాండ్ సగానికి పడిపోతుందని నా అంచనా. వ్యాపారిగా నాకు నష్టమే, అయినా రావాలనే కోరుకుంటాను.

దీనికీ ఓ మెలిక ఉంది. సూది ఆపేసినా మందు ఒంట్లో నెలల తరబడి కొద్ది కొద్దిగా మిగిలే ఉంటుంది. ఆ కొద్దిపాటి మందు వైరస్‌ను ఆపలేదు. ఆ సమయంలో వైరస్ సోకితే అది మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదముంది. కాబట్టి సూది మానేసేవాళ్లు, రిస్క్ కొనసాగుతుంటే మాత్రలకు మారాలి. పొట్ట చర్మం కింద చిన్న గడ్డలా తగలడం కూడా చాలామందిలో ఉంటుంది.

"సూది వచ్చేదాకా ఆగుతాను" అనేవాళ్లకు నా జవాబు ఒక్కటే. ఆగేది మీరే, రిస్క్ ఆగదు. ఈలోగా మాత్ర మొదలుపెట్టండి, సూది వచ్చాక మారిపోవచ్చు.

ఆఫ్రికాలో కొన్ని దేశాల్లో ఆడవాళ్లు యోనిలో పెట్టుకునే డాపివిరిన్ మందు రింగ్ గురించి చదివి అడిగినవాళ్లున్నారు. ఇక్కడ ఎంపికల్లో దాన్ని లెక్కేసుకోకండి.

## పెప్: జరిగిపోయాక

ప్రెప్, పెప్. పేర్లు ఎవరు పెట్టారో గానీ జనాన్ని తికమక పెట్టడానికే పెట్టినట్టున్నారు. పెప్ అంటే రిస్క్ జరిగాక వేసుకునేది. 72 గంటలు దాటకూడదు, మొదటి రెండు గంటల్లో మొదలుపెడితే మరీ మంచిది. మూడు మందులు, 28 రోజులు. నర్సుకు సూది గుచ్చుకున్నా, ఎవరి మీదైనా లైంగిక దాడి జరిగినా ప్రభుత్వ ఆసుపత్రిలో ఇస్తారు. గుంటూరులో జీజీహెచ్‌కి, విజయవాడలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లండి. అర్ధరాత్రయితే ఉదయం ఓపీ కోసం ఎదురుచూడకుండా క్యాజువాలిటీలో అడగండి.

దీన్ని ఐ-పిల్ లాంటిదనుకునే కుర్రాళ్లు చాలామంది. "ఒక మాత్ర ఇవ్వన్నా, నిన్న రాత్రి తేడా అయింది" అంటారు. ఒక మాత్రతో అయ్యేది కాదు, నెలపాటు నిష్ఠగా వేసుకోవాలి, ఆ తర్వాత పరీక్షలూ ఉంటాయి. ఏడాదిలో రెండోసారి పెప్ కోసం పరుగెత్తారంటే, మీకు కావాల్సింది పెప్ కాదు, ప్రెప్. 28 రోజులు పూర్తయ్యాక పరీక్ష నెగెటివ్ వస్తే మధ్యలో ఖాళీ లేకుండా అటు మారిపోవచ్చు.

## ఒక్క చూపులో

| | కండోమ్ | రోజూ మాత్ర | రెండు-ఒకటి-ఒకటి | ఇంజెక్షన్ | పెప్ |
|---|---|---|---|---|---|
| ఎవరికి | అందరికీ | అందరికీ, కిడ్నీలు బాగుంటే | మగవాడిగా పుట్టి, ఈస్ట్రోజెన్ వాడనివాళ్లకు | రోజూ మాత్ర కుదరనివాళ్లకు | రిస్క్ జరిగిపోయినవాళ్లకు |
| ఎప్పుడు | ఆ సమయంలో | రోజూ | 2–24 గంటల ముందు, తర్వాత రెండు రోజులు | 2 నెలలకు లేదా 6 నెలలకు ఒకసారి | 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు |
| అవతలివాళ్లు ఒప్పుకోవాలా | ఒప్పుకోవాలి | అక్కర్లేదు | అక్కర్లేదు | అక్కర్లేదు | అక్కర్లేదు |
| ఇంట్లో దొరికిపోయే భయం | కొంచెం | ఎక్కువ | తక్కువ | దాదాపు లేదు | నెలపాటు ఉంటుంది |
| సుఖవ్యాధులు | చాలావరకు ఆపుతుంది | ఆపదు | ఆపదు | ఆపదు | ఆపదు |
| ముందు హెచ్‌ఐవీ పరీక్ష | అక్కర్లేదు | తప్పదు | తప్పదు | తప్పదు | చేస్తారు, కానీ ఫలితం కోసం మందు ఆపరు |

## మీరు ఎవరైతే ఏది

సెక్స్ వర్క్ చేసే ఆడవాళ్లు. నా సలహా రోజూ మాత్ర, వీలైనన్నిసార్లు కండోమ్. మైసూరులో, కోల్‌కతాలో సెక్స్ వర్కర్ల సంఘాలే దగ్గరుండి 1,300 మందికి పైగా ఆడవాళ్లకు ఈ మాత్ర ఇచ్చి చూశాయి. ఆ కాలంలో వాళ్లలో ఎవరికీ హెచ్‌ఐవీ సోకలేదు, ఎక్కువమంది చివరిదాకా కొనసాగారు కూడా. చదువు లేనివాళ్లు రోజూ మాత్ర గుర్తుపెట్టుకోలేరని పెద్ద డాక్టర్లు అనే మాటకు అదే జవాబు. తోటి ఆడమనిషి వచ్చి "వేసుకున్నావా అక్కా" అని అడిగితే వేసుకుంటారు, తెల్లకోటు వేసుకున్నాయన గద్దిస్తే దాచేస్తారు.

వన్‌టౌన్ వైపు పనిచేసే ఒక పీర్ ఎడ్యుకేటరమ్మ నాకు చెప్పిన భయం వేరు. "మాత్ర వేసుకుంటున్నామని తెలిస్తే కస్టమర్ కండోమ్ వద్దంటాడన్నా. బ్రోకర్ అయితే అదే చెప్పి రేటు పెంచుకుంటాడు." ఇది ఊహించుకున్న భయం కాదు. అందుకే మాత్ర సంగతి కస్టమర్‌కీ, బ్రోకర్‌కీ చెప్పకండి. అది మీ ఒంటికి మీరు వేసుకున్న తాళం, తాళంచెవి ఎక్కడుందో అందరికీ చెప్పుకోనక్కర్లేదు.

పెళ్లయి, మగవాళ్లను కూడా కలిసేవాళ్లు. వీళ్లు ఏ సంఘంలోనూ కనపడరు, ఏ పీర్ ఎడ్యుకేటర్‌కీ చిక్కరు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఒకే లింగానికి చెందిన పెద్దల ఇష్టపూర్వక సంబంధాన్ని నేరం కాదంది. బ్రాడీపేటలో ఉమ్మడి కుటుంబంలో ఉండే మనిషికి ఆ తీర్పు వంటింటి దాకా రాలేదు. అప్పుడప్పుడు, ముందే తెలిసేలా కలిసేవాళ్లయితే రెండు-ఒకటి-ఒకటి పద్ధతి. వారానికి రెండు మూడు సార్లయితే రోజూ మాత్రే తేలిక, లెక్కల్లో పొరపాటు రాదు. "నాకు ఇల్లాలుంది, నేనేం అలాంటివాడిని కాదు, నాకెందుకు ప్రెప్" అనే మాట తరచూ వింటాను. ఇల్లాలు ఉంది కాబట్టే కావాలి. మీకు సోకితే ఆమెకు సోకుతుంది, ఆమెకు ఆ రిస్క్ ఉన్నట్టే తెలియదు.

ట్రాన్స్ మహిళలు. అడిగే మొదటి ప్రశ్న, "హార్మోన్లు పనిచేయకుండా పోతాయా?" పోవు. హార్మోన్ల కోసం కూడబెట్టిన డబ్బు, పడిన కష్టం తెలిసినవాళ్లకు ఆ భయం అర్థమవుతుంది. కానీ ఈ మాత్ర వాటిని తగ్గించదు. హార్మోన్లు వాడుతుంటే రోజూ పద్ధతే, మధ్యమధ్యలో వేసుకునే పద్ధతి వద్దు.

లారీ డ్రైవర్లు. పదిహేను రోజులు రోడ్డు మీద. మాత్ర 30 డిగ్రీల లోపు ఉండాలి. మే నెలలో బెజవాడలో ఇంట్లోనే అంతకన్నా ఎక్కువ ఉంటుంది, ఇక డాష్‌బోర్డు మీద పెడితే మందు ఉడికిపోతుంది. క్లీనర్ సీటు కింద నీడలో, నీళ్ల సీసా పక్కన సంచిలో పెట్టుకోండి. ట్రిప్పుకి సరిపడా తీసుకెళ్లి మిగతాది ఇంట్లోనో, నమ్మకమైన స్నేహితుడి దగ్గరో ఉంచండి. అప్పుడప్పుడే రిస్క్ ఉన్నవాళ్లకు కండోమ్ చాలని నేననుకుంటాను, క్యాబిన్‌లో ఎప్పుడూ ఉంటేనే.

భార్యాభర్తల్లో ఒకరికి ఉన్నవాళ్లు. ఇక్కడ మొదటి మందు ప్రెప్ కాదు, ఉన్నవాళ్ల చికిత్స. ఏఆర్టీ సెంటర్‌లో (ప్రభుత్వ హెచ్‌ఐవీ చికిత్స కేంద్రం) ఉచితంగా ఇచ్చే మందు వేసుకుంటూ, పరీక్షలో వైరస్ కనపడనంతగా తగ్గి, అలాగే నిలకడగా ఉంటే సెక్స్ ద్వారా అవతలివాళ్లకు సోకదు. అలా తగ్గడానికి కొన్ని నెలలు పడుతుంది. ఆ నెలల్లో రెండోవాళ్లు ప్రెప్ వేసుకోవచ్చు. బిడ్డ కావాలనుకునే జంటలు ఈ మాట డాక్టరుతో తప్పకుండా ఎత్తాలి. గర్భంలోనూ, పాలిచ్చేటప్పుడూ ఈ మాత్ర వాడవచ్చు.

సూదులు పంచుకునేవాళ్లు. రోజూ మాత్ర, దాంతో పాటు కొత్త సూది. హెపటైటిస్ సి పరీక్ష కూడా చేయించుకోండి.

## ఎలా మొదలుపెట్టాలి

మొదట హెచ్‌ఐవీ పరీక్ష. ప్రభుత్వాసుపత్రి ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్ష చేసి సలహా ఇచ్చే కేంద్రంలో, ఉచితం. అది ఏఆర్టీ సెంటర్‌కి దగ్గర్లోనే ఉండటం చాలామందికి ఇబ్బంది. "ఆ వరండాలో మా వీధివాళ్లు కనపడితే?" అని గుంటూరువాళ్లు విజయవాడకు, విజయవాడవాళ్లు గుంటూరుకు వెళ్లి చేయించుకోవడం నాకు తెలుసు. ఒక బస్సు టికెట్‌తో మనశ్శాంతి దొరికితే అలాగే వెళ్లండి. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదు, మీ వివరాలు బయటపెట్టకూడదు. సందేహాలకు 1097కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

పరీక్ష లేకుండా మాత్ర మొదలుపెట్టవద్దని గట్టిగా చెప్పడానికి కారణముంది. అప్పటికే వైరస్ ఉంటే ఈ రెండు మందులు దాన్ని పూర్తిగా ఆపలేవు, పైగా అది మందులకు అలవాటుపడి తర్వాత చికిత్సను కష్టం చేస్తుంది. ఈ మధ్య రిస్క్ జరిగి, జ్వరం, గొంతునొప్పి, ఒంటిమీద దద్దుర్లు వచ్చి ఉంటే డాక్టరుకి దాచకండి. పరీక్షకు ఇంకా దొరకని తొలి దశ కావచ్చు.

దాంతో పాటు క్రియాటినిన్, హెపటైటిస్ బి, సిఫిలిస్ పరీక్షలు చేయించుకోవాలి. మూడు నెలలకోసారి మళ్లీ హెచ్‌ఐవీ పరీక్ష. మాత్రల ఖర్చు కంపెనీని బట్టి, షాపుని బట్టి మారుతుంది. ముందు మూడు చోట్ల ఫోన్‌లో అడగండి. గుంటూరు కొత్తపేటలో, ఇక్కడ సూర్యారావుపేటలో చెప్పిన రోజుకి తెప్పించి ఇచ్చే షాపులుంటాయి.

షాపువాడిగా నా తప్పొకటి చెప్పాలి. ఒకరోజు మా షాపు కుర్రాడు లోపలి నుంచి గట్టిగా "అన్నా, ఈ హెచ్‌ఐవీ మాత్ర స్టాకుందా?" అని అరిచాడు. కౌంటరు దగ్గర నలుగురున్నారు. చీటీ ఇచ్చినాయన అది కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఆ తర్వాత మా షాపులో నియమం పెట్టాను. చీటీలో ఏముందో నోటితో చదవకూడదు, మందు తెచ్చి కవర్లో పెట్టి చూపించాలి. మీరు కొనే చోట అలా లేకపోతే పేరు చెప్పక చీటీ ఫోన్‌లో పంపి, కవర్ తీసుకునేటప్పుడే వెళ్లండి.

ఆపడానికీ ఒక పద్ధతుంది. మగవాడిగా పుట్టి, ఈస్ట్రోజెన్ వాడనివాళ్లు చివరిసారి కలిశాక రెండు రోజులు, మిగతావాళ్లు ఏడు రోజులు వేసుకుని ఆపాలి. హెపటైటిస్ బి ఉన్నవాళ్లు మాత్రం డాక్టరుకి చెప్పకుండా ఒక్కరోజు కూడా ఆపకూడదు. మళ్లీ మొదలుపెట్టాలంటే మళ్లీ పరీక్షే ముందు. విటమిన్ సీసా తెచ్చిన కుర్రాడు మధ్యలో నాలుగు నెలలు ఆపి, పోయిన నెల పరీక్ష కాగితంతో వచ్చాడు. ఈసారి డబ్బా అలాగే ఇమ్మన్నాడు, దూది మాత్రం కొంచెం ఎక్కువ పెట్టమన్నాడు.